ఏడున్నర మిల్లీలీటర్ల రక్తంలో ఐదు కణాలు

1869లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఒక క్యాన్సర్ రోగి చనిపోయాడు. ఛాతీ మీద, పొట్ట మీద చర్మం కింద అతనికి దాదాపు ముప్పై గడ్డలున్నాయి. శవపరీక్ష చేసిన వైద్యుడు థామస్ ఆష్‌వర్త్ గడ్డలను కోసి చూసి ఊరుకోలేదు. జబ్బు తగలని కాలిలోని సిర నుంచి కాస్త రక్తం తీసి మైక్రోస్కోపు కింద పెట్టాడు. ఎర్రకణాలు, తెల్లకణాల నడుమ వాటికి ఏమాత్రం పోలిక లేని పెద్ద కణాలు కనిపించాయి. గడ్డలోని కణాలను పక్కన పెట్టి పోల్చాడు. రెండూ ఒకేలా ఉన్నాయి.

ఛాతీ మీది గడ్డలోని కణం కాలి సిరలోకి ఎలా వచ్చింది? శరీరంలోని రక్తప్రసరణ మార్గాన్ని చాలావరకు చుట్టి రాకపోతే అది అక్కడ ఉండే వీలు లేదని ఆష్‌వర్త్ తర్కించాడు. ఒకే మనిషిలో అన్ని గడ్డలు ఎందుకు పుడతాయో దీనివల్ల కొంత అర్థం కావచ్చని ఆస్ట్రేలియా వైద్య పత్రికలో రాశాడు. రక్తంలో తిరిగే క్యాన్సర్ కణాల గురించి లోకానికి తెలిసిన మొదటి నమోదు అదే. ఇవాళ వైద్యులు వాటిని సర్క్యులేటింగ్ ట్యూమర్ సెల్స్ అంటారు, పొట్టిగా సీటీసీ. ఆష్‌వర్త్ చూసిన ఆ కణాన్ని బతికున్న రోగి రక్తంలో నమ్మకంగా లెక్కపెట్టడానికి వైద్యశాస్త్రానికి 135 ఏళ్లు పట్టింది.

క్యాన్సర్ ఒక చోటి నుంచి ఇంకో చోటికి పాకుతుందన్న సంగతి అప్పటికే వైద్యులకు తెలుసు. 1829లో పారిస్ వైద్యుడు జోసెఫ్ రెకామియే తన పుస్తకంలో దానికి 'మెటాస్టాసిస్' అన్న మాట వాడాడు. అయితే ఎలా పాకుతుంది, ఎందుకు కొన్ని చోట్లే మొలుస్తుంది అన్న ప్రశ్నలకు జవాబు లేదు. లండన్ సర్జన్ స్టీఫెన్ పాజెట్ ఈ ప్రశ్నను రొమ్ము క్యాన్సర్ దగ్గర పట్టుకున్నాడు. ఆ జబ్బుతో చనిపోయిన 735 మంది స్త్రీల శవపరీక్ష రికార్డులు తిరగేశాడు. 241 మందికి కాలేయంలో క్యాన్సర్ గడ్డలున్నాయి, ప్లీహంలో ఉన్నవాళ్లు 17 మందే. రెండు అవయవాలకూ రక్తం బాగానే అందుతుంది. కణాలు రక్తంతో కొట్టుకుపోయి ఎక్కడ తగులుకుంటే అక్కడ మొలిచే మాటైతే ఇంత తేడా రాకూడదు.

1889లో 'లాన్సెట్' పత్రికలో పాజెట్ చెప్పిన జవాబు మన రైతుకు కొత్తగా అనిపించదు. గాలికి ఎగిరిన విత్తనం నలుదిక్కులా పడుతుంది, అనువైన నేలలోనే మొలకెత్తుతుంది. అందరూ విత్తనాన్నే చూస్తున్నారు, నేలను కూడా చూడండి అన్నాడు. 'విత్తనం-నేల' సిద్ధాంతంగా ఆ మాట ఇప్పటికీ ప్రతి క్యాన్సర్ పాఠ్యపుస్తకంలో ఉంది.

కత్తి పట్టిన సర్జన్లు మాత్రం చాలాకాలం వేరే దారిలో నడిచారు. అమెరికాలోని బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం హాల్‌స్టెడ్ 1894లో 50 మంది రోగుల వివరాలతో తన ఆపరేషన్ ఫలితాలు ప్రకటించాడు. రొమ్ముతోపాటు దాని కింది ఛాతీ కండరాలను, చంకలోని గ్రంథులను కూడా తీసేసే పద్ధతి అది. నీళ్లలో మరక వ్యాపించినట్టు క్యాన్సర్ పక్కపక్కకే పాకుతుందని, ఎంత వెడల్పుగా కోస్తే రోగి అంత క్షేమమని ఆయన నమ్మాడు. దాదాపు ఎనభై ఏళ్లు ప్రపంచమంతా ఆ నమ్మకంతోనే ఆపరేషన్లు చేసింది. లక్షలాది స్త్రీలు గుంటపడిన ఛాతీతో, పైకెత్తలేని చేతితో, వాచిన భుజంతో బతికారు. అంత బాధ పడ్డాక కూడా వాళ్లలో చాలామందికి జబ్బు ఎముకల్లోనో కాలేయంలోనో తిరిగొచ్చింది.

పిట్స్‌బర్గ్ సర్జన్ బెర్నార్డ్ ఫిషర్ దీన్ని సూటిగా ప్రశ్నించాడు. గడ్డ చేతికి తగిలేనాటికే కొన్ని కణాలు రక్తంలో కలిసి వెళ్లిపోయి ఉంటే, ఛాతీని ఎంత లోతుగా చెక్కి ఏం లాభం? 1971లో ఆయన మొదలుపెట్టిన పరీక్షలో 1665 మంది స్త్రీలు పాల్గొన్నారు. పెద్ద ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకూ, అంతకంటే తక్కువ కోతతో సరిపెట్టినవాళ్లకూ ఆయుర్దాయంలో తేడా రాలేదు. పాతికేళ్ల తర్వాత లెక్క తీసినా అదే ఫలితం. ఎక్కువమంది రోగుల ప్రాణాన్ని తేల్చేది రొమ్ములో ఉన్న గడ్డ కాదని, దాన్నుంచి ముందే జారిపోయిన కణాలని వైద్యలోకం ఒప్పుకోక తప్పలేదు.

ఈ మలుపులో ఒక తెలుగువాడి చేయి ఉంది. జారిపోయిన కణాలను వెతికి చంపాలంటే ఒళ్లంతా తిరిగే మందు కావాలి. 1976లో ఇటలీలోని మిలాన్‌లో జియాన్నీ బొనడొన్నా బృందం ఆపరేషన్ అయిన స్త్రీలకు మూడు మందులు కలిపి ఇచ్చి చూసిన ఫలితాలు ప్రకటించింది. మందులు తీసుకోని 179 మందిలో 24 శాతానికి జబ్బు తిరిగొచ్చింది, తీసుకున్న 207 మందిలో 5.3 శాతానికే వచ్చింది. సీఎంఎఫ్ అని పేరుపడిన ఆ కలయికలో ఎం అంటే మెథోట్రెక్సేట్. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో తయారైన మందు అది. ఆయన 1948లోనే కన్నుమూశారు. తమ ప్రయోగశాల మందు రొమ్ము క్యాన్సర్ వైద్యాన్ని ఇంతగా మారుస్తుందని చూడకుండానే వెళ్లిపోయారు.

కణాలు జారిపోతాయని తేలింది. మరి వాటిని కళ్లతో చూడటం ఎలా?

ఆష్‌వర్త్ తర్వాత చాలామంది ప్రయత్నించారు. 1955లో డెన్మార్క్ సర్జన్ ఎంగెల్, రోగుల రక్తంలో క్యాన్సర్ కణాలు చూశానని వివరంగా రాశాక పరిశోధనలు వెల్లువెత్తాయి. కొందరు సగానికి పైగా రోగుల్లో కణాలు దొరికాయన్నారు. ఆ స్లైడ్లనే అనుభవజ్ఞులు మళ్లీ పరిశీలించేసరికి చేదు నిజం బయటపడింది. క్యాన్సర్ కణాలని రాసుకున్నవాటిలో చాలావరకు ఎముక మజ్జ నుంచి వచ్చిన మామూలు పెద్ద కణాలు, రూపు మారిన తెల్లకణాలు. 1960ల నడిమికల్లా ఉత్సాహం చల్లబడింది. కంటికి పెద్దగా కనిపించినంత మాత్రాన అది క్యాన్సర్ కణం కాదు, దాన్ని గుర్తుపట్టడానికి రూపం ఒక్కటే చాలదని అందరికీ అర్థమైంది.

ఈలోగా జంతువుల మీద జరిగిన ప్రయోగాలు రెండు వింత సంగతులు చెప్పాయి. 1970లో ఐజయా ఫిడ్లర్ క్యాన్సర్ కణాలకు రేడియోధార్మిక గుర్తు పెట్టి ఎలుకల రక్తంలోకి ఎక్కించాడు. ఒక రోజు గడిచేసరికి వెయ్యింటికి ఒకటి బతికి ఉంటే గొప్ప. కొత్త చోట గడ్డగా ఎదిగినవి అంతకంటే తక్కువ. 1975లో బట్లర్, గుల్లినో అనే ఇద్దరు ఎలుకల రొమ్ము కణితి నుంచి బయటికొచ్చే రక్తాన్ని పట్టి లెక్కేశారు. కణితి గ్రాము బరువుకు రోజుకు 30 నుంచి 40 లక్షల కణాలు రాలుతున్నాయి. రాలేవి లక్షల్లో, నిలిచేవి వేళ్ల మీద లెక్కించేటన్ని. రక్తంలో కణం కనిపించిందంటే గడ్డ మొలిచినట్టేనన్న భయం ఆ లెక్కలతో సడలింది. ఎన్ని కనిపిస్తున్నాయన్నది ఇంకా ముఖ్యమైన ప్రశ్నగా మిగిలింది.

అయితే వాటిని లెక్కపెట్టడం ఎంత కష్టమో చూడండి. ఏడున్నర మిల్లీలీటర్లంటే ఒకటిన్నర టీస్పూన్ల రక్తం. అందులో మూడు వేల కోట్లకు పైగా ఎర్రకణాలు, కొన్ని కోట్ల తెల్లకణాలు ఉంటాయి. వాటి మధ్య క్యాన్సర్ కణాలు ఐదో పదో.

దారి చూపించినవి రెండు ఆవిష్కరణలు. 1975లో కోహ్లర్, మిల్‌స్టైన్ మోనోక్లోనల్ యాంటీబాడీల తయారీ కనిపెట్టారు. ఒక తాళానికి ఒకే తాళంచెవి అన్నట్టు, ఒక యాంటీబాడీ ఒక గుర్తునే పట్టుకుంటుంది. 1979లో ఫిలడెల్ఫియాలో హిలరీ కొప్రోవ్‌స్కీ బృందం పెద్దపేగు క్యాన్సర్ కణాల మీద ఒక ప్రొటీన్ కనుగొంది. తర్వాత దానికి ఎప్‌కామ్ అని పేరొచ్చింది. పేగు, రొమ్ము గ్రంథుల వంటి చోట్ల లోపలి పొరను కట్టే కణాల మీద అది ఉంటుంది, రక్తకణాల మీద ఉండదు. అంటే రక్తంలో ఎప్‌కామ్ ఉన్న కణం కనబడితే అది అక్కడికి బయటి నుంచి వచ్చినదే.

పెన్సిల్వేనియాలోని ఇమ్యూనికాన్ సంస్థలో పాల్ లిబర్టి అతి సూక్ష్మమైన ఇనుప రేణువులకు ఎప్‌కామ్‌ను పట్టే యాంటీబాడీలు అతికించే పని నడిపించాడు. ఇమ్యూనికాన్‌లో లియాన్ టెర్‌స్టాపెన్, టెక్సస్‌లో జోనథన్ ఊర్ బృందం కలిసి 1998లో దీనితో రొమ్ము, ప్రొస్టేట్ క్యాన్సర్ రోగుల రక్తంలో కణాలు పట్టి చూపించారు. సెల్‌సెర్చ్ అనే పరికరం ఈ పని నుంచే పుట్టింది.

దాని పనితీరు దగ్గరగా చూస్తే అబ్బురమనిపిస్తుంది. చేతి సిర నుంచి తీసిన రక్తం కణాలు చెడిపోకుండా కాపాడే ప్రత్యేక ట్యూబులోకి వెళ్తుంది. ఇనుప రేణువులు కలిపి పక్కన అయస్కాంతం పెడతారు. రేణువులు అంటుకున్న కణాలు గోడకు లాగబడతాయి, మిగిలిన ద్రవాన్ని తీసేస్తారు. ఆ కాసిని కణాలకు రంగులు పడతాయి. కేంద్రకానికి ఒకటి, కెరటిన్ అనే ప్రొటీన్‌కు ఒకటి, తెల్లకణాల మీద ఉండే సీడీ45 గుర్తుకు మరొకటి. యంత్రం ఫొటోలు తీసి తెర మీద చిన్న చిన్న గళ్లలో పేరుస్తుంది. అప్పుడు లాబ్‌లో కూర్చున్న మనిషి ఒక్కో గడినీ చూస్తుంది. గుండ్రంగా గానీ కోలగా గానీ ఉందా? కేంద్రకం లోపల ఉందా? కెరటిన్ రంగు వెలుగుతోందా? సీడీ45 రంగు లేకుండా ఉందా? అన్నిటికీ సరిపోతేనే టిక్కు పడుతుంది. ఒక్కటి తప్పినా ఆ కణం లెక్కలోకి రాదు. 1960ల స్లైడ్ల దగ్గర జరిగిన పొరపాటు మళ్లీ జరగకుండా కట్టిన కట్టుదిట్టం ఇది.

2004 జనవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ పరీక్షను ముదిరిన రొమ్ము క్యాన్సర్‌కు అనుమతించింది. అదే ఏడాది ఆగస్టులో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్' పత్రికలో మాసిమో క్రిస్టోఫనిల్లి, డేనియల్ హేస్ తదితరుల అధ్యయనం వచ్చింది. ఈ చరిత్రలో ఆష్‌వర్త్ స్లైడ్ తర్వాత చెప్పుకోవలసిన పెద్ద ఘట్టం అదే. అమెరికాలోని 20 కేంద్రాల్లో, ఇతర అవయవాలకు క్యాన్సర్ పాకిన 177 మంది స్త్రీలు కొత్త చికిత్స మొదలుపెట్టే ముందు రక్తం ఇచ్చారు. పోల్చడానికి ఆరోగ్యవంతులైన 145 మంది, రొమ్ములో క్యాన్సర్ కాని గడ్డలున్న 200 మంది కూడా ఇచ్చారు. ఈ రెండు వర్గాల రక్తంలో అలాంటి కణాలు దాదాపుగా కనబడలేదు.

రోగుల్లో సుమారు సగం మందికి ఏడున్నర మిల్లీలీటర్లలో ఐదు లేదా అంతకు మించి కణాలున్నాయి. ఐదు కంటే తక్కువ ఉన్నవాళ్లలో జబ్బు మళ్లీ పెరగడానికి మధ్యస్థంగా 7 నెలలు పట్టింది, ఎక్కువ ఉన్నవాళ్లలో 2.7 నెలలే. ఆయుష్షు లెక్కలో తేడా ఇంకా పెద్దది. తక్కువ ఉన్నవాళ్లకు 18 నెలలకు పైగా, ఎక్కువ ఉన్నవాళ్లకు 10.1 నెలలు. చికిత్స మొదలైన తర్వాత మొదటిసారి వచ్చినప్పుడు తీసిన రక్తం కూడా ఇలాగే మాట్లాడింది. స్కాన్‌లో మార్పు కనిపించడానికి నెలలు పడుతుంది, ఈ సంఖ్య కొన్ని వారాల్లోనే సంగతి చెప్పింది.

ఆ తర్వాత ఐరోపాలోని 17 కేంద్రాల నుంచి 1944 మంది రోగుల వివరాలు ఒక్కచోట చేర్చి 2014లో ఫ్రాన్సువా-క్లెమాన్ బిదార్ బృందం పరిశీలించింది. ఐదు అన్న గీత అక్కడా నిలబడింది. చాలాకాలంగా వాడుకలో ఉన్న సీఈఏ, సీఏ 15-3 వంటి రక్తపరీక్షలు కలిపినా అంచనా అంతకంటే మెరుగుపడలేదు. 2019లో 2436 మంది రోగులతో వచ్చిన మరో విశ్లేషణ, జబ్బు ఇతర అవయవాలకు పాకిన నాలుగో దశ అంతా ఒకటే కాదని చూపించింది. ఐదు కంటే తక్కువ కణాలున్నవాళ్లు మధ్యస్థంగా 36.3 నెలలు బతికారు, ఐదు, అంతకుమించి ఉన్నవాళ్లు 16 నెలలు. 'స్టేజ్ ఫోర్' అన్న ఒక్క మాట విని కుప్పకూలిపోయే కుటుంబాలకు ఈ తేడా చాలా విలువైనది. ఆ మాట వెనుక ఏళ్ల తరబడి నెమ్మదిగా నడిచే జబ్బు కూడా ఉంటుంది.

మరి జబ్బు దారి ముందే తెలిస్తే చికిత్స దారి మార్చవచ్చు కదా? ఈ ప్రశ్నకు జవాబు వెతికిన పరీక్ష పేరు ఎస్ 0500. మొదట కణాలు ఎక్కువగా ఉండి, 21 రోజుల కీమో తర్వాత కూడా ఐదు కంటే దిగని 123 మందిని అమెరికా వైద్యులు రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు పాత కీమోనే కొనసాగించారు, రెండో జట్టుకు వెంటనే మందు మార్చారు. సంఖ్య చెప్పినట్టు నడుచుకుంటే ఆయుష్షు పెరుగుతుందని అందరూ ఆశపడ్డారు. మధ్యస్థ ఆయుష్షు మొదటి జట్టులో 10.7 నెలలు, రెండో జట్టులో 12.5 నెలలు. గణాంకాల లెక్కలో అది తేడా కిందికి రాదు.

అంచనా మాత్రం ఇక్కడ కూడా తప్పలేదు. మొదటి నుంచీ కణాలు తక్కువగా ఉన్నవాళ్లు 35 నెలలు, చికిత్సతో తగ్గినవాళ్లు 23 నెలలు, తగ్గనివాళ్లు 13 నెలలు బతికారు. పరీక్ష చెప్పిన జోస్యం నిజమైంది. ఆ జోస్యాన్ని తప్పించే మందు అప్పటి వైద్యుల చేతిలో లేదు. ఒక కీమోకు లొంగని కణాలు చాలాసార్లు రెండోదానికీ లొంగవు. అందుకే ఈ లెక్క ఒక్కదాన్ని బట్టి చికిత్స మార్చవద్దని 2015లో అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం ఆస్కో మార్గదర్శకాల్లో రాసింది.

ఫ్రాన్స్‌లో జరిగిన స్టిక్ సీటీసీ పరీక్ష మరో కోణంలో మంచి ఫలితమిచ్చింది. హార్మోన్లకు స్పందించే రొమ్ము క్యాన్సర్ పాకినప్పుడు మొదట హార్మోన్ మాత్ర ఇవ్వాలా, కీమో ఇవ్వాలా అన్నది వైద్యులను తికమక పెట్టే ప్రశ్న. 17 కేంద్రాల్లో 755 మంది స్త్రీలలో సగం మందికి వైద్యుడి విచక్షణ ప్రకారం, మిగతా సగానికి కణాల లెక్క ప్రకారం మందు నిర్ణయించారు. 2021లో ఫలితం వచ్చింది. లెక్కను నమ్ముకున్నవాళ్లలో జబ్బు మధ్యస్థంగా 15.5 నెలలు, వైద్యుడి నిర్ణయంతో నడిచినవాళ్లలో 13.9 నెలలు అదుపులో ఉంది. లెక్కను నమ్మడం వల్ల నష్టం లేదని తేలింది. కాని ఆ పరీక్ష సాగుతుండగానే పాల్‌బోసిక్లిబ్ వంటి కొత్త మాత్రలు రావడంతో వైద్యం దారే మారిపోయింది.

కణాల గురించి మన అవగాహన కూడా మారుతూ వచ్చింది. 2007లో బోస్టన్‌లో సునీత నాగ్రత్, మెహ్మెత్ టోనర్, డేనియల్ హేబర్ బృందం 78,000 సూక్ష్మ స్తంభాలున్న చిన్న చిప్పు మీదుగా రక్తాన్ని పారించి కణాలు పట్టింది. 2010లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త కాథరిన్ అలిక్స్-పనాబియేర్, జర్మనీకి చెందిన క్లాస్ పాంటెల్ రక్తంలోని కణాలను బట్టి జబ్బు సంగతి తెలుసుకునే ఈ పద్ధతికి 'లిక్విడ్ బయాప్సీ' అని పేరు పెట్టారు. రూపు మార్చుకునే క్రమంలో కొన్ని క్యాన్సర్ కణాలు ఎప్‌కామ్‌ను వదిలేస్తాయని, అలాంటివి అయస్కాంతానికి చిక్కవని కూడా తెలిసింది. సున్నా వచ్చినంత మాత్రాన రక్తంలో ఏమీ లేదని అర్థం కాదు.

2014లో నికోలా అచెటో, శ్యామల మహేశ్వరన్ తదితరులు గుంపులుగా తిరిగే కణాలను గమనించారు. ఒంటరి కణంతో పోలిస్తే అలాంటి గుంపుకు కొత్త చోట గడ్డ మొలిపించే శక్తి 23 నుంచి 50 రెట్లు ఎక్కువని ఎలుకల్లో తేల్చారు. ఆ తర్వాత అచెటో బృందం స్విట్జర్లాండ్‌లో చేసిన అధ్యయనం మరీ ఆశ్చర్యకరమైనది. 30 మంది రొమ్ము క్యాన్సర్ రోగులకు తెల్లవారుజామున 4 గంటలకు నిద్రవేళలో ఒకసారి, ఉదయం 10 గంటలకు మరోసారి రక్తం తీశారు. దొరికిన కణాల్లో సుమారు 78 శాతం నాలుగు గంటల రక్తంలోనివే. 2022లో 'నేచర్' పత్రికలో ఇది వచ్చాక, పగటిపూట తీసే ఒక్క నమూనా ఎంతవరకు నిజం చెబుతుందన్న ప్రశ్న ప్రతి లాబ్ ముందుకూ వచ్చింది.

ఇప్పుడు మన దేశంలో కూడా ఇలాంటి పరీక్షలు దొరుకుతున్నాయి. పుణెలోని ఒక సంస్థ అయస్కాంత రేణువులతోనే కణాలు పట్టే పరీక్షను తయారుచేస్తోంది. నగరాల్లోని ప్రైవేటు లాబ్‌ల ప్రకటనల్లో 'లిక్విడ్ బయాప్సీ' అన్న మాట తరచుగా కనిపిస్తోంది. ముదిరిన క్యాన్సర్‌తో పోరాడుతున్న ఇంట్లో ఆ మాట పెద్ద ఆశ రేపుతుంది. నగలు కుదవ పెట్టి, పొలం అమ్మి వైద్యం చేయించే కుటుంబాలు మన దగ్గర తక్కువేమీ లేవు. అలాంటి ఇంటివాళ్లు డబ్బు కట్టే ముందు తమ క్యాన్సర్ వైద్యుణ్ణి ఒక్క ప్రశ్న అడగాలి: ఈ ఫలితం ఎలా వచ్చినా మా చికిత్సలో ఏమైనా మారుతుందా? మారుతుందంటే ఏం మారుతుందో వివరంగా చెప్పించుకోండి. మారదంటే ఆ డబ్బు రాసిన మందులకు, పోషకాహారానికి, ఆసుపత్రికి వెళ్లొచ్చే ఖర్చులకు దాచుకోండి. నివేదికలో ఐదు కంటే పెద్ద అంకె కనిపించినా దాన్ని మీ మనిషికి రాసిన ఆయుష్షుగా చదవకండి. ఆ అంకెకు ముడిపెట్టి చెప్పే నెలలు వందలమంది రోగుల నడిమి లెక్క. ఆ లెక్కలోని స్త్రీలలో సగం మంది అంతకంటే ఎక్కువ కాలం బతికారు.